గాయం మానింది, మరి పని?

తాండూరు బండల పాలిషింగు యూనిట్లో చెయ్యి పోగొట్టుకున్న మనిషికి డాక్టరుగారు కుట్లు విప్పి ఇంటికి పంపిస్తారు. చికిత్స అయిపోయిందనుకుంటారు ఇంటిల్లిపాదీ. నిజానికి సగమే అయింది. మిగిలిన మొండిభాగానికి చెప్పినట్లు కట్టు కట్టుకోవాలి. పై కీళ్ళను రోజూ ఆడించాలి. లేకపోతే అవి బిగుసుకుపోయి, కృత్రిమ అవయవం అమర్చడం కష్టమవుతుంది. జాలితో మంచం దిగనివ్వనివారూ, "ఇక దేనికీ పనికిరాడు" అనేవారూ రోగికి ఒకేలాంటి చెరుపు చేస్తారు.

మరో పనికి దారి చూపే చోటుంది. కాకపోతే అది వికారాబాదులో లేదు, హైదరాబాదు విద్యానగర్‌లో ఉంది. 1968లో బొంబాయిలో, హైదరాబాదులో మొదలైన వృత్తి పునరావాస కేంద్రాల్లో ఇదొకటి. ఇప్పుడు దివ్యాంగుల జాతీయ కెరీర్ సర్వీస్ కేంద్రం అంటున్నారు. మీలో మిగిలిన శక్తిని పరీక్షించి, ఏ పని చేయగలరో చెబుతారు. కేంద్ర ప్రభుత్వానిది కనుక ఏ జిల్లావారైనా వెళ్ళవచ్చు. తాండూరు నుంచి రోజూ రైల్లో తిరగడం మాత్రం ఆరోగ్యవంతుడికే కష్టం. వసతి సంగతి ముందే కనుక్కోండి.

ఇక డబ్బు. ఇక్కడే చాలామంది తికమకపడతారు. ఈఎస్ఐలో పేరుండి, పనిలో ప్రమాదంవల్ల 40 శాతం, అంతకుమించి వైకల్యం ఏర్పడి, వయసు 45 దాటకపోతే శిక్షణకాలానికి ఈఎస్ఐ డబ్బిస్తుంది. పింఛను సంగతి వేరు. అది రాష్ట్రానిది. తెలంగాణలో 2023లో వికలాంగులకు నెలకు 4,016 రూపాయలు చేశారు. సరిహద్దు దాటి వచ్చి తాండూరులో పనిచేసే కర్ణాటక కూలీ దానికి తన రాష్ట్రంలోనే అడగాలి. చెయ్యి పోయింది ఇక్కడే అయినా సరే!

వైకల్య ధ్రువపత్రానికి మాత్రం ఈ సరిహద్దు లేదు. 2016 నాటి చట్టం ప్రకారం అది దేశమంతటా చెల్లుతుంది. మీరు నివసించే జిల్లాలోగాని, చికిత్స పొందిన ప్రభుత్వాసుపత్రిలోగాని తీసుకోవచ్చు. ముందు ఆ కాగితం సంపాదించండి, మిగతా తలుపులన్నీ దానితోనే తెరుచుకుంటాయి.

ఈఎస్ఐ లేనివారు యజమాని నుంచి నష్టపరిహారం కోరవచ్చు. ప్రమాదం జరిగిన రెండేళ్ళలోగా దావా వేయాలి. ఆసుపత్రి చీటీలు, జీతం లెక్క ఏదున్నా దాచిపెట్టండి. ఇంకా పనిలో ఉన్నవారైతే, ఈఎస్ఐ నంబరు ఉందో లేదో ఈ వారమే మేస్త్రీని అడగండి.