మీకు తెలుసా? వానలు లేకపోతే ఈ పడవలు ఆగిపోతాయి

ఇంగ్లండ్ కాలువల్లో తిరిగే న్యారోబోట్ వెడల్పు 7 అడుగుల లోపే. పొడవు మాత్రం 70 అడుగుల దాకా ఉంటుంది! 18వ శతాబ్దంలో జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజినీరు లాకులను (పడవలను ఎత్తుపల్లాలు దాటించే తలుపుల గదులను) అంత ఇరుకుగా కట్టించడమే ఇందుకు కారణం.

వాన పడుతుంటే లోపల పొయ్యి పక్కన కూర్చున్నవాళ్లకు హాయే. నడిపేవారికి ఆ సుఖం ఉండదు. పడవ వెనక చివర, ఆరుబయట తడుస్తూ చుక్కాని పట్టాల్సిందే. పడవ ఎడమకు తిరగాలంటే చుక్కాని కర్రను కుడికి నెట్టాలి. పైగా గంటకు 4 మైళ్ల వేగం దాటకూడదు.

అయినా ఆ వానను తిట్టుకోకూడదు. పడవ లాకు దాటినప్పుడల్లా లక్ష లీటర్లకు పైగా నీరు పల్లానికి పోతుంది. ఆ లోటు తీర్చేది ఎత్తున ఉన్న జలాశయాల్లో చేరిన వాననీరే. అవి అడుగంటిన ఏడాది కొన్ని లాకులను మూసేస్తారు.