ఆ 127 డిగ్రీలు నిజమేనా?

ల్యాప్‌టాప్‌ ఉన్నట్టుండి నెమ్మదిస్తుంది. ఫ్యాను హోరెత్తుతుంది. అరగంటలో క్లయింటు మీటింగ్‌ ఉందనగా తెర కాస్తా ఆరిపోతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లలో ఈ అనుభవం లేనివాళ్లు తక్కువే. స్నేహితుడికి ఫోన్‌ చేస్తే ‘ఓ సాఫ్ట్‌వేర్‌ వేసి టెంపరేచర్‌ చూడరా’ అంటాడు. ఉచితమే కదా అని వేస్తాం. తెర నిండా అంకెలే అంకెలు! వాటిలో ఒకటి 127 డిగ్రీలు అంటూ భయపెడుతుంది. నీళ్లు మరిగే వేడికన్నా ఎక్కువ. ఇంకేముంది, ఉన్న ఒక్క మిషనూ కాలిపోయిందనుకుని షాపుకి పరుగు. అక్కడ చూసినందుకే ఒక ఫీజు, బాగుచేస్తే మరో ఫీజు.

కొత్తగా ఎమ్మెస్‌కి వచ్చి, ఒక్క ల్యాప్‌టాప్‌ మీదే అసైన్‌మెంట్లూ ఉద్యోగ వేటా నడిపే కుర్రాడికైనా, ఇంటినుంచి పనిచేసే ఉద్యోగికైనా అన్నం పెట్టేది ఆ యంత్రమే. మరి దాని ఆరోగ్యం చెప్పే అంకెల్లో దేన్ని నమ్మాలి? దేన్ని పట్టించుకోనక్కర్లేదు? హెచ్‌డబ్ల్యూమానిటర్‌, హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో, కోర్‌టెంప్‌, లినక్స్‌ వాడేవారికి ఎల్‌ఎం-సెన్సర్స్‌... ఏది వాడినా చిక్కు ఒకటే. అంకె చూపడం వరకే వాటి పని. దాని అర్థం తేల్చుకోవాల్సింది మనమే.

సెన్సరే లేని చోట వేడి!

డెస్క్‌టాప్‌ మదర్‌బోర్డు మీద ‘సూపర్‌ ఐఓ’ అనే చిప్‌ ఒకటి ఉంటుంది. న్యూవోటన్‌, ఐటీఈ కంపెనీలవి ఎక్కువగా కనిపిస్తాయి. ఉష్ణోగ్రత, వోల్టేజీ, ఫ్యాను వేగం కొలవడానికి ఈ చిప్‌కి చాలా పిన్నులుంటాయి. బోర్డు తయారుచేసే కంపెనీ వాటిలో తనకు కావాల్సిన వాటికే సెన్సర్లు తగిలిస్తుంది. మిగతావి ఖాళీ. ఆ సంగతి సాఫ్ట్‌వేర్‌కి తెలీదు. ఖాళీ పిన్నునీ చదివేసి, అక్కడ ఏం దొరికితే అది తెరమీద పెట్టేస్తుంది. ఎనిమిది బిట్లలో ప్లస్‌, మైనస్‌ గుర్తుతో సహా రాయగలిగిన పెద్ద అంకె 127. చిన్నది మైనస్‌ 128. మీ తెరమీద ‘ఆక్స్‌టిన్‌’ లాంటి పేరు పక్కన ఈ రెంటిలో ఏదైనా కదలకుండా కూర్చుంటే, అక్కడ సెన్సర్‌ లేదనే అనుకోవచ్చు. నిజమైన వేడి కదలకుండా ఉండదు. పని పెరిగితే పెరుగుతుంది, ఆపితే తగ్గుతుంది.

వోల్టేజీదీ ఇలాంటి కథే. 12 వోల్టుల లైను ఆ చిప్‌కి నేరుగా ఇవ్వడానికి మరీ ఎక్కువ. అందుకని రెసిస్టర్లతో తగ్గించి ఇస్తారు. ఎంత తగ్గించారో ఒక్కో బోర్డుకి ఒక్కో లెక్క. ఆ లెక్క తెలియని సాఫ్ట్‌వేర్‌ ఊహించి గుణిస్తుంది. 12 ఉండాల్సిన చోట 8 చూపిస్తుంది! నిజంగా 8 వోల్టులే వస్తుంటే ఆ కంప్యూటర్‌ మీకు ఆ అంకె చూపించే స్థితిలోనే ఉండదు. ఏటీఎక్స్‌ ప్రమాణం ప్రకారం 12 వోల్టుల లైను అయిదు శాతం అటూ ఇటూ, అంటే 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. అనుమానం ఉంటే బయోస్‌లోకి వెళ్లి చూడండి. అది బోర్డు కంపెనీ రాసిందే కాబట్టి లెక్క దానికి తెలుసు. ఇంకా తేలకపోతే మల్టీమీటరే దిక్కు. పవర్‌ సప్లై మార్చేయడం మాత్రం ఆ తర్వాత మాట.

ఒక్క వోల్టేజీని మాత్రం చిన్నచూపు చూడొద్దు. ‘వీబ్యాట్‌’ అని ఉండేది మదర్‌బోర్డు మీది బొత్తాం బ్యాటరీది. కొత్తదైతే 3 వోల్టులు ఉంటుంది. ఇది బాగా తగ్గి, ఆపి పెట్టినప్పుడల్లా గడియారం వెనక్కిపోతుంటే మార్చాల్సింది ఆ కొద్ది డాలర్ల సీఆర్‌2032 బ్యాటరీనే.

గదికంటే చల్లగా ఎలా?

మొదట డిగ్రీల సంగతి. ఇంట్లో థర్మోస్టాట్‌ మీద ఫారన్‌హీట్‌, ఈ సాఫ్ట్‌వేర్లలో మామూలుగా సెల్సియస్‌. ఎవరో సెట్టింగ్‌ మార్చి ఉంటే ప్రాసెసర్‌ 140 అని కనబడుతుంది. అది ఫారన్‌హీట్‌. సెల్సియస్‌లో 60. హాయిగా పడుకోవచ్చు.

ఇక మేం చెప్పే తేలికైన పరీక్ష ఇది. గది థర్మోస్టాట్‌ 75 దగ్గర ఉందంటే సెల్సియస్‌లో దాదాపు 24. ఫ్యాను గాలితో చల్లబడే ప్రాసెసర్‌ ఏదీ ఆ గాలికంటే చల్లగా ఉండలేదు. సాఫ్ట్‌వేర్‌ 15 అని చూపిస్తే ఆ అంకె తప్పు. ఎందుకిలా అంటే, ఇంటెల్‌ ప్రాసెసర్‌లోని డిజిటల్‌ సెన్సర్‌ నేరుగా ఉష్ణోగ్రత చెప్పదు. ‘గరిష్ఠ పరిమితికి ఇంకా ఇన్ని డిగ్రీల దూరంలో ఉన్నాను’ అని చెబుతుంది. పరిమితి 100 అనుకుంటే, సెన్సర్‌ 40 అంటే సాఫ్ట్‌వేర్‌ 60 అని రాస్తుంది. పరిమితిని తప్పుగా అనుకుంటే ఫలితమూ తప్పే. కోర్‌ 2 ప్రాసెసర్ల కాలంలో ఈ పరిమితి ఎంతో ఇంటెల్‌ బయటపెట్టలేదు. ఒకే మిషను మీద రెండు సాఫ్ట్‌వేర్లు పది, పదిహేను డిగ్రీల తేడాతో చెప్పేవి. చివరికి 2008లో కంపెనీయే కొన్ని మోడళ్ల అంకెలు ప్రకటించింది. ఇంకో సంగతి. ఈ సెన్సర్‌ పరిమితి దగ్గర బాగా చెబుతుంది, చల్లగా ఉన్నప్పుడు అంత కచ్చితంగా చెప్పదు. కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడు 31 ఉందా 36 ఉందా అని కొట్టుకోవడం దండగ.

ఏఎండీ వాళ్లది మరో చిత్రం. 2017లో వచ్చిన రైజెన్‌ 1700ఎక్స్‌, 1800ఎక్స్‌ ప్రాసెసర్లు అసలు వేడికి 20 డిగ్రీలు కలిపి చెప్పేవి. ఫ్యాన్లు అన్ని మోడళ్లలో ఒకేలా తిరగడానికట! ఆ మార్చిలో కంపెనీ వివరణ ఇచ్చేదాకా కొన్నవాళ్లు లబోదిబోమన్నారు.

వేడి నిజమే అయితే...

నిజమైన వేడి లేదని కాదు. బరువైన పని ఇచ్చినప్పుడు సన్నటి ల్యాప్‌టాప్‌ 90 దాటడం వింత కాదు. ఏఎండీ అయితే 2022లో తెచ్చిన రైజెన్‌ 7000 ప్రాసెసర్లు 95 దగ్గర పనిచేసేలానే చేశామని చెప్పింది. చూడాల్సింది డిగ్రీ ఒక్కటే కాదు, దాని పక్కన వేగం. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫోలో ‘థర్మల్‌ థ్రాట్లింగ్‌’ అనే వరస ఉంటుంది. అక్కడ ‘యస్‌’ అని పడి, గిగాహెర్ట్జ్‌ సగానికి పడిపోతుంటే అది వేడి తట్టుకోలేక తనను తాను నెమ్మదింపజేసుకుంటోందన్నమాట. మీటింగ్‌లో వీడియో ఆగి ఆగి రావడానికి కారణం ఇంటర్నెట్‌ కాదు, ఇదే కావచ్చు.

కారణాలు చాలావరకు మన ఇంట్లోనే ఉంటాయి. మంచం మీద కంఫర్టర్‌లో కూరుకుపోయిన ల్యాప్‌టాప్‌కి ఊపిరాడదు. గోడ నుంచి గోడ దాకా కార్పెట్‌ ఉన్న ఇంట్లో నేలమీద పెట్టిన డెస్క్‌టాప్‌ ఏడాది తిరిగేసరికి దుమ్ము పట్టేస్తుంది. గట్టి బల్లమీద పెట్టి, గాలి డబ్బాతో దుమ్ము ఊది, మళ్లీ అదే పని ఇచ్చి చూడండి. పది డిగ్రీలు తగ్గితే రోగం తెలిసినట్టే. అన్నట్టు, వేడి అంకె ఎప్పుడూ గది వేడి మీద ఆధారపడుతుంది. డల్లస్‌లో ఏసీ గదిలో 22 డిగ్రీల దగ్గర ప్రాసెసర్‌ 80 ఉంటే, మే నెల సెలవులకి విజయవాడ తీసుకెళ్లి ఏసీ లేని 40 డిగ్రీల గదిలో అదే పని చేయిస్తే 98 వైపు పరుగెడుతుంది. మిషను పాడైనట్టు కాదు.

ఫ్యాను సున్నా చూపిస్తే ముందు చెవి పెట్టి వినండి. చల్లగా ఉన్నప్పుడు ఫ్యాను ఆగిపోయే మోడళ్లున్నాయి. చాలా ల్యాప్‌టాప్‌లలో ఫ్యాను వేగం బయటి సాఫ్ట్‌వేర్‌కి అందదు కూడా. 95 డిగ్రీల దగ్గర సున్నా ఉండి, శబ్దమూ లేకపోతే మాత్రం వెంటనే ఆపేయండి. రెండు సాఫ్ట్‌వేర్లు ఒకేసారి తెరిచి పోల్చడం మరో పొరపాటు. రెండూ ఒకే చిప్‌ని ఒకేసారి అడిగితే జవాబులు కలగాపులగం అవుతాయి. ఒకటి మూసి చూడండి.

వేడిని తేలిగ్గా తీసుకోలేమనడానికి 2008 సాక్ష్యం. ఆ జులైలో ఎన్విడియా కంపెనీ, ల్యాప్‌టాప్‌ గ్రాఫిక్స్‌ చిప్‌ల ప్యాకింగ్‌ పదార్థం బలహీనంగా ఉండి చెడిపోతున్నాయంటూ 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కనపెడుతున్నట్టు ప్రకటించింది. 2010లో కోర్టులో రాజీ కుదిరి కొన్ని డెల్‌, హెచ్‌పీ, యాపిల్‌ మోడళ్లు కొన్నవారికి పరిహారం దక్కింది.

అసలు భయపడాల్సిన అంకె

మా మటుకు మేం ప్రాసెసర్‌ డిగ్రీలకన్నా డిస్క్‌ అంకెలకే ఎక్కువ విలువిస్తాం. ప్రాసెసర్‌ మరీ వేడెక్కితే తనే ఆగిపోయి తనను కాపాడుకుంటుంది. డిస్క్‌ పోతే పిల్లల ఫొటోలు, ఐ-20, ఐ-797 స్కాన్‌లు, ట్యాక్స్‌ కాగితాలు అన్నీ పోతాయి.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో వంటి సాఫ్ట్‌వేర్‌తో హార్డ్‌డిస్క్‌ ‘స్మార్ట్‌’ వివరాలు చూడొచ్చు. అందులో 5 (మార్చేసిన సెక్టార్లు), 197 (మార్చాల్సి ఉన్నవి), 198 (సరిచేయలేనివి) ముఖ్యం. ఇవి పదహారు అంకెల లెక్కలో, అంటే హెక్స్‌లో, 05, సీ5, సీ6 అని కనిపిస్తాయి. చివరి గడిలోనిది కూడా హెక్స్‌ అంకే. 10 అని ఉంటే పదహారన్నమాట. 199, అంటే సీ7 పెరుగుతుంటే చాలాసార్లు తప్పు డిస్క్‌ది కాదు, కేబుల్‌ది. సీగేట్‌ డిస్క్‌లలో ‘రీడ్‌ ఎర్రర్‌ రేట్‌’ దగ్గర కోట్లలో అంకె కనబడి గుండె ఆగినంత పనవుతుంది. ఆ కంపెనీ లెక్క రాసే పద్ధతే అంత. దాన్ని వదిలేయొచ్చు.

మరి స్మార్ట్‌ని ఎంతవరకు నమ్మాలి? 2007లో గూగుల్‌ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్క్‌లను పరిశీలించి శాన్‌హోజేలో జరిగిన సదస్సులో ఫలితాలు చెప్పారు. మొదటి స్కాన్‌ ఎర్రర్‌ కనబడ్డ డిస్క్‌, 60 రోజుల్లో చెడిపోయే అవకాశం మిగతావాటికన్నా 39 రెట్లు ఎక్కువట. కానీ చెడిపోయిన డిస్క్‌లలో 56 శాతానికి పైగా, బలమైన నాలుగు హెచ్చరికల్లో ఒక్కటీ చూపకుండానే పోయాయి. కాలిఫోర్నియాలోని బ్యాక్‌బ్లేజ్‌ అనే నిల్వ సేవల సంస్థ 2016లో తన లెక్క చెప్పింది. వాళ్లు చూసే అయిదు స్మార్ట్‌ అంకెల్లో కనీసం ఒకటి సున్నా దాటినవి, చెడిపోయిన డిస్క్‌లలో 76.7 శాతం. పనిచేస్తున్న వాటిలో 4.2 శాతం. ఈ రెండూ కలిపి చూస్తే, చెడ్డ అంకె కనబడితే నమ్మి ఆ రాత్రే కాపీ తీసుకోవాలి. మంచి అంకె కనబడితే నమ్మి కాపీ మానేయకూడదు.

అంకె ఎవరు చూపిస్తున్నారు?

ఇక్కడో కేసు చెప్పుకోవాలి. ఆఫీస్‌ డిపో దుకాణాల్లో ‘పీసీ హెల్త్‌ చెక్‌’ అని ఉచిత పరీక్ష చేసేవారు. సపోర్ట్‌ డాట్‌ కామ్‌ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్‌ అది. మొదట నాలుగు ప్రశ్నలు. కంప్యూటర్‌ నెమ్మదించిందా, హెచ్చరికలు వస్తున్నాయా వగైరా. ఒక్కదానికి టిక్‌ పెట్టినా చాలు, స్కాన్‌తో సంబంధం లేకుండా వైరస్‌ లక్షణాలున్నాయని చెప్పేది! ఆపైన వందల డాలర్ల రిపేర్‌ సేవలు అమ్మేవారు. 2016లో సియాటిల్‌కు చెందిన కీరో టీవీ కొత్త కంప్యూటర్లు తీసుకెళ్లి చూపిస్తే వాటికీ రిపేర్‌ కావాలన్నారు. 2019 మార్చిలో ఫెడరల్‌ ట్రేడ్‌ కమిషన్‌తో రాజీ కుదిరి, ఆఫీస్‌ డిపో రెండున్నర కోట్ల డాలర్లు, సపోర్ట్‌ డాట్‌ కామ్‌ కోటి డాలర్లు కట్టాయి. షాపులో తెరమీద ఎర్ర అంకె చూపిస్తే, అది ఏ సెన్సర్‌ది అని అడగండి. అడిగే హక్కు మీకుంది.

కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌ మీద మాత్రం ఈ ప్రయోగాలేవీ వద్దు. సెన్సర్లు చదవాలంటే సాఫ్ట్‌వేర్‌ విండోస్‌ లోపలి పొరల దాకా వెళ్లాలి. అందుకు చాలా ఉచిత సాఫ్ట్‌వేర్లు వాడిన ‘విన్‌రింగ్‌0’ డ్రైవర్‌లో లోపముందని 2020లోనే నమోదైంది. 2025 మార్చిలో విండోస్‌ డిఫెండర్‌ దాన్ని ప్రమాదకరమైనదిగా గుర్తించి అడ్డుకోవడం మొదలెట్టింది. ఆఫీసు మిషను మీద అలాంటిది వేస్తే మీ సెక్యూరిటీ టీమ్‌కి హెచ్చరిక వెళ్తుంది. ఉద్యోగం మీదే వీసా నిలబడ్డవాళ్లు ఆ జవాబులు చెప్పుకునే స్థితి ఎందుకు తెచ్చుకోవాలి? హెల్ప్‌డెస్క్‌కి ఓ టికెట్‌ పెట్టండి, చాలు.

సొంత మిషను వారంటీలో ఉంటే, ‘ఈ స్టిక్కర్‌ తీస్తే వారంటీ పోతుంది’ అన్న మాటకి ఊరికే భయపడొద్దు. 1975 నాటి మాగ్నసన్‌-మాస్‌ చట్టం ప్రకారం అలాంటి షరతులు చెల్లవంటూ 2018 ఏప్రిల్‌లో ట్రేడ్‌ కమిషన్‌ ఆరు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. విప్పేటప్పుడు మీరే ఏదైనా విరగ్గొడితే అది వేరే సంగతనుకోండి.

కంపెనీకి ఫోన్‌ చేసేముందు హెచ్‌డబ్ల్యూఇన్‌ఫోలో ‘లాగింగ్‌’ నొక్కి, అరగంట పనిచేయించి ఆ ఫైల్‌ దాచుకోండి. ‘బాగా వేడెక్కుతోందండీ’ అంటే అవతలివాళ్లు రీస్టార్ట్‌ చేయమంటారు. ‘పన్నెండో నిమిషంలో 99 డిగ్రీలు, ఫ్యాను సున్నా, వేగం 0.8 గిగాహెర్ట్జ్‌, ఫైల్‌ పంపమంటారా’ అని అడగండి. మాట తీరే మారుతుంది.