ప్రశ్నించడం

ప్రశ్నించడం అనగా తెలియని విషయాన్ని తెలుసుకొనుటకు, లేదా తెలుసుననుకొన్న విషయాన్ని సరిచూసుకొనుటకు ఇతరులను గాని తనను తాను గాని అడగడం. అడిగిన తీరును బట్టి సమాధానం ఉపయోగపడుతుంది. తెలిసినదేమిటో, తెలియనిదేమిటో విడదీసి, సమాధానం ఎక్కడ వెదకాలో సూచించేదానిని మంచి ప్రశ్నగా పరిగణించవచ్చు.

ప్రాచీన సంప్రదాయం

భారతీయ వాఙ్మయంలో ప్రశ్నోత్తర రూపానికి ప్రముఖ స్థానం ఉంది. మహాభారతం అరణ్యపర్వంలోని యక్షప్రశ్నలు తెలుగువారికి సుపరిచితం. అథర్వణవేదానికి చెందిన ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు పిప్పలాద మహర్షిని ఆశ్రయిస్తారు. ఆయన వెంటనే ఉపదేశించడు. ఒక సంవత్సరం పాటు తపస్సుతో, బ్రహ్మచర్యంతో, శ్రద్ధతో గడిపి అటుపై అడగమంటాడు. తనకు తెలిసినట్లయితే చెబుతానంటాడు. అడిగేవానికి సన్నద్ధత, చెప్పేవానికి వినయం అవసరమని ఈ సన్నివేశం తెలుపుతుంది.

గ్రీకు తత్త్వవేత్త సోక్రటీస్ ధైర్యం, న్యాయం వంటి పదాలకు అర్థం చెప్పమని ఎదుటివారిని అడిగేవాడు. వారి సమాధానాలలోని పరస్పర వైరుధ్యాలను మరిన్ని ప్రశ్నలతో బయటపెట్టేవాడు. ఏథెన్స్ న్యాయస్థానం విధించిన మరణశిక్ష వలన ఆయన క్రీ.పూ. 399లో మరణించాడు.

విజ్ఞాన శాస్త్రంలో

మలేరియా అన్న మాటకు ఇటాలియన్ భాషలో చెడుగాలి అని అర్థం. చిత్తడి నేలల గాలి వలన ఈ జ్వరం వస్తుందని చాలాకాలం నమ్మేవారు. 1880లో ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ రోగుల రక్తంలో ఈ వ్యాధి పరాన్నజీవిని కనుగొన్నాడు. అది ఒకరి నుండి మరొకరికి ఎట్లు చేరుతుందన్న ప్రశ్న మిగిలింది. ఇందులో దోమల పాత్ర ఉండవచ్చునని 1894లో పాట్రిక్ మాన్సన్ ఊహించాడు.

సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ 1895 నుండి సికింద్రాబాదులోను, ఇతర ప్రాంతాలలోను దోమలను కోసి సూక్ష్మదర్శినితో పరీక్షించాడు. దాదాపు రెండేళ్లు ఫలితం లభించలేదు. ఆయన ప్రధానంగా పరీక్షించినవి మలేరియాను వ్యాపింపజేయని జాతులు. "దోమ కారణమా?" అన్న ప్రశ్నతోనే ఆగి ఉంటే, కాదన్న తప్పు నిర్ణయానికి అవకాశం ఉండేది. "ఏ జాతి దోమ?" అన్న ప్రశ్న అన్వేషణకు దారి చూపింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో, రోగి రక్తం పీల్చిన అనాఫిలిస్ దోమ జీర్ణకోశపు గోడలో పరాన్నజీవి కనబడింది. మరుసటి సంవత్సరం కలకత్తాలో పక్షుల మలేరియాపై పరిశోధించి, వ్యాధి దోమకాటు ద్వారా సంక్రమిస్తుందని రాస్ నిరూపించాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఈ పరిశోధన వలన నిలువనీటిని తొలగించడం, దోమల నివారణ మలేరియా నియంత్రణలో ముఖ్యమైన పద్ధతులయ్యాయి.

వృత్తి జీవితంలో

జపానులోని టొయోటా సంస్థలో "ఐదు ఎందుకులు" అనే పద్ధతి రూపొందింది. ఆ సంస్థ ఇంజనీరు తాయిచీ ఓనో దీనికి ఒక ఉదాహరణ ఇచ్చాడు. యంత్రం ఎందుకు ఆగింది? భారం ఎక్కువై ఫ్యూజు పోయింది. భారం ఎందుకు ఎక్కువైంది? బేరింగుకు కందెన చాలలేదు. ఎందుకు చాలలేదు? పంపు సరిగా తోడడం లేదు. ఎందుకు తోడడం లేదు? పంపు ఇరుసు అరిగింది. ఎందుకు అరిగింది? వడపోత లేనందున లోహపు రజను లోపలికి చేరింది. మొదటి సమాధానంతో ఆగినవారు ఫ్యూజు మార్చి ఊరుకుంటారు. యంత్రం మరల ఆగుతుంది. "తప్పు ఎవరిది?" అన్న ప్రశ్నకు ఒక మనిషి పేరు దొరుకుతుంది గాని వడపోత లేదన్న సంగతి బయటపడకపోవచ్చు.

పౌర జీవితంలో

2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం ప్రభుత్వ కార్యాలయాలను ప్రశ్నించుటకు పౌరులకు అవకాశం కల్పించింది. సమాచారం ఎందుకు కావాలో దరఖాస్తుదారు చెప్పనవసరం లేదు. సాధారణంగా 30 రోజులలో, వ్యక్తి ప్రాణానికి లేదా స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలలో సమాధానమివ్వాలి. కార్యాలయం తన వద్ద ఉన్న సమాచారాన్నే ఇస్తుంది కనుక ఇక్కడ ప్రశ్న రూపం కీలకం. "మా వీధి రోడ్డు ఎందుకు బాగాలేదు?" అనుటకంటె, ఆ పనికి మంజూరైన మొత్తం, చెల్లించిన బిల్లుల నకళ్లు, పని కొలతల పుస్తకం ప్రతి కోరడం ప్రయోజనకరం.

పరిమితులు

అన్ని ప్రశ్నలూ మేలు చేయవు. సమాధానాన్ని ముందే ఇమిడ్చుకొన్న ప్రశ్న ఎదుటివారిని ఒక వైపుకు నెడుతుంది. అందువలన సాక్షిని విచారించేటపుడు, తనను పిలిపించిన పక్షం న్యాయవాది అటువంటి సూచక ప్రశ్నలు వేయడంపై భారతీయ సాక్ష్య చట్టంలో ఆంక్షలు ఉన్నాయి. వరుసగా "ఎందుకు" అని అడిగే పద్ధతి కూడ, అనేక కారణాలు కలిసి జరిగిన సంఘటనను ఒకే కారణానికి కుదించే ప్రమాదం ఉంది.