చేదు కబురుకు ఇంగ్లీషు మాట

మార్కుల కోసం ఇంగ్లీషు ఎంతో చదువుతాం గానీ, ఒకరింట్లో చావు కబురు వచ్చినప్పుడు ఆ భాషలో ఏమనాలో మనకు ఏ పాఠమూ చెప్పదు. బెంగాలు నుంచో, కేరళ నుంచో వచ్చి మన హాస్టల్లో ఉంటున్న మిత్రుడికి అలాంటి కబురు వస్తే, ఇద్దరికీ తెలిసిన భాష ఇంగ్లీషే. అప్పుడు 'సారీ' అని గొణిగి పక్కకు తప్పుకుంటాం.

ముందు ఆ 'సారీ' సంగతే చూద్దాం. మనం దాన్ని క్షమాపణగానే ఎరుగుదుం. తప్పు చెయ్యనివాడు క్షమాపణ దేనికి చెప్పాలి అని కొందరికి సందేహం. నిజానికి పుండు, నొప్పి అనే అర్థమున్న 'సోర్'కూ ఈ మాటకూ మూలం ఒక్కటే. 'ఐ యామ్ సో సారీ' అంటే 'నా మనసు ఎంతో నొచ్చింది' అనే. అందుచేత ఆ మాట అనడానికి జంకనక్కరలేదు.

ఇక దుఃఖానికి కూడా థర్మామీటరులో మాదిరి మెట్లున్నాయి. అనుకున్న సీటు రాకపోతే 'డిసపాయింటెడ్'. కబురు వినగానే గుండె జారిపోతే 'మై హార్ట్ సాంక్'. నోట మాట రాకపోతే 'స్టన్డ్'. ఈ మాటకు మూలం లాటిన్‌లో ఉరుమును చెప్పే మాట. మనవాళ్లు 'నెత్తిన పిడుగు పడ్డట్టయింది' అనడం లేదూ!

'గటెడ్' అనేది బ్రిటిషువారి వాడుక మాట. చేప కడుపు చీరి పేగులు తీసినట్టుందని భావం. ఫుట్‌బాల్ ఆటలో ఓడినవాడు అనదగ్గదే గాని, సంతాప లేఖకు తగదు. పైగా మన దేశపు ఇంగ్లీషు పత్రికల్లో కొట్టు కాలి బూడిదైనా 'గటెడ్' అనే రాస్తారు.

'హార్ట్‌బ్రోకెన్' వట్టి కవిత్వం కాదు. తీవ్రమైన దుఃఖం తగిలినప్పుడు గుండె ఎడమ జఠరిక తాత్కాలికంగా బలహీనపడి ఉబ్బే జబ్బును 1990లో జపాను వైద్యులు వర్ణించారు. ఆ ఆకారం ఆక్టోపస్‌లను పట్టే కుండలా ఉంటుందని 'టాకోట్సుబో' అని పేరు పెట్టారు. చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు.

అన్నిటికన్నా బరువైనది 'డివాస్టేటెడ్'. ఊరూ పైరూ పాడుపెట్టడమని దాని మూలార్థం. కోతకొచ్చిన వరి తుఫానులో మునిగిన ఇంటివాళ్లకు ఆ మాట బరువు వేరే చెప్పక్కరలేదు. క్రికెట్ మ్యాచి పోయినందుకే దాన్ని ఖర్చు పెట్టేస్తే, కన్నతండ్రి పోయిననాడు చెప్పుకోడానికి మాటేం మిగులుతుంది?

ఇంకో సంగతి. ఇవన్నీ ఎవరి బాధ వారు చెప్పుకునే మాటలు. తండ్రిని పోగొట్టుకున్నవాడి ముందు మనం 'ఐ యామ్ డివాస్టేటెడ్' అంటే, అతనే మనల్ని ఓదార్చాల్సి వస్తుంది. అక్కడ 'ఐ యామ్ సో సారీ ఫర్ యువర్ లాస్' చాలు. అదీ నోట రాకపోతే 'ఐ డోంట్ నో వాట్ టు సే' అన్నా తప్పులేదు, అది నిజమే గనుక. పల్లెల్లో పరామర్శకొచ్చిన పెద్దలు 'ఎట్లా జరిగింది?' అని అడిగి, మంచం పక్కన మౌనంగా కూర్చుంటారు. మాట ఇంగ్లీషుదైనా ఆ పద్ధతి మాత్రం మనదే ఉండనిద్దాం. మాట చెప్పాక అతని పెట్టె సర్ది, స్టేషను దాకా తోడు వెళదాం.