ఇంటి జలయంత్రము – ఊరి విద్యుత్తు

సెలయేటి నీటితో ఇంట దీపము వెలిగించుట క్రొత్త సంగతి కాదు. ఇంగ్లండులో విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ 1878లోనే క్రాగ్‌సైడ్ అను తన భవనమున ఈ పని చేసెను. సెకనుకు 10 లీటర్ల నీరు 20 మీటర్ల ఎత్తునుండి దిగినచో, నష్టములు పోగా సుమారు 1 కిలోవాటు లభించును. ఏరు ఎడతెగక పారినచో రోజుకు 24 యూనిట్లు.

మిగిలిన విద్యుత్తును ఊరి లైనుకు కలుపవచ్చునా? కలుపవచ్చును. అయితే మన దేశపు లైనులో ప్రవాహము సెకనుకు 50 ఆవృత్తములతో నడచును. కోలాటమున అందరి అడుగును కలిసినట్లు, మన విద్యుత్తు వోల్టేజిలోను, ఆవృత్తములలోను, లయలోను దానితో కలియవలెను. ఇన్వర్టరు ఈ పొందికను కూర్చును.

మేము ముఖ్యముగా చెప్పదలచినది వేరొకటి. ఊరి లైను ఆగిన తక్షణము మన యంత్రము దానినుండి తనంతట విడిపోవలెను. లేనిచో మన 230 వోల్టులు ట్రాన్స్‌ఫార్మరులో ఎదురు నడచి 11,000 వోల్టులు కాగలవు. కరెంటు లేదని నమ్మి స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణమునకు అది ముప్పు. విడివడిన చక్రము బరువు లేక మితిమీరి తిరుగును గాన, ఆ శక్తిని నీళ్లు కాచు హీటరుకు మళ్లింపవలెను.

కావున విద్యుత్ సంస్థ అనుమతియు, పరీక్షయు ముగిసిన పిమ్మటనే తీగ కలుపుట శ్రేయస్కరము.