తొలిచూలాలు – కొత్త ఏటి నిర్ణయాలు

మొన్న డిసెంబరు నెలాఖరున మా అక్క కూతురు తాండూరు నుంచి ఫోను చేసింది. పెళ్ళయి ఏడాదిన్నర. ఇప్పుడు అయిదో నెల, తొలుసూరు. "చిన్నమ్మా, జనవరి ఫస్టుకు నిర్ణయాలు రాసుకుంటున్న. పద్నాలుగు అయినయ్. ఇంకేమన్న మరిచిపోతె చెప్పు" అంది. చదవమన్నాను. పొద్దున అయిదింటికి లేవాలి, చాయ్ మానెయ్యాలి, బయటి తిండి ముట్టొద్దు, ఎవరిమీదా కోపం తెచ్చుకోవద్దు, ఫోను చూడడం తగ్గించాలి, రోజూ మంచి పుస్తకం చదవాలి, బిడ్డకు స్వెట్టరు అల్లాలి... ఇలా సాగింది జాబితా. వింటూ వింటూ నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఇలాంటి జాబితాయే ఒకటి నేనూ రాసుకున్నాను, 2004 జనవరిలో, ఇక్కడే మోమిన్‌పేటలో.

ఎరువుల దుకాణం వాళ్ళు ఇచ్చిన డైరీ అది. మొదటి పేజీలో పదకొండు నిర్ణయాలు. మూడో నెల నడుస్తోంది నాకు. రోజూ రెండు గ్లాసుల పాలు తాగాలని మొదటిది. మంచం ఎదురుగా ముద్దులొలికే పాప బొమ్మ అతికించి పొద్దున లేవగానే చూడాలని రెండోది. భయం పుట్టించే సినిమాలు చూడకూడదని ఇంకొకటి. మీలో చాలామంది ఇంట్లో కూడా ఆ పాప బొమ్మ ఉండే ఉంటుంది. వేవిళ్ళ రోజులు, పాల వాసన తగిలితే చాలు పెరట్లోకి పరుగు. అయిదో తారీఖు నాటికే పాల నిర్ణయం పోయింది. అది పోయాక మిగతావి మాత్రం ఎందుకులే అనిపించింది. దండలో ఒక ముడి ఊడితే పూలన్నీ జారిపోయినట్టు, సంక్రాంతి నాటికి డైరీ చేరింది చాకలి పద్దు రాసుకోవడానికి.

అది కాదు నా బాధ. ఆ పదకొండింటిలోనూ ఇనుము మాత్రల ఊసు లేదు. కాన్పు ఎక్కడ అన్న మాట లేదు. నర్సమ్మ ఇంటికి వచ్చి మాత్రలిచ్చి పోయేది. నాలుగు రోజులు వేసుకున్నాను. దొడ్డికి నల్లగా అయింది, కడుపులో తిప్పింది. పక్కింటావిడ "ఆ గోలీలు తింటే బిడ్డ నల్లగ పుడ్తది" అంది. అంతే, మిగతా మాత్రలన్నీ జామచెట్టు మొదట్లోకి పోయాయి. ఎవరికీ చెప్పలేదు. ఏడో నెలలో ఒడి నింపి పుట్టింటికి పంపారు. చీరలు వచ్చాయి, గాజులు వచ్చాయి, ఒడిబియ్యం వచ్చాయి. పరీక్షల కార్డు మాత్రం అత్తగారింట్లో బీరువాలోనే ఉండిపోయింది. పుట్టింటి ఊళ్ళో నర్సమ్మ వేరు, ఆవిడకు నా సంగతి తెలియదు. తొమ్మిదో నెల దగ్గర పడ్డాక పరీక్ష చేస్తే రక్తం ఏడు దాటి కొంచెమే ఉంది. కాన్పులో నెత్తురు ఎక్కువ పోయింది. మా అన్నయ్య రక్తమిచ్చాడు కాబట్టి ఈ రోజు మీతో మాట్లాడుతున్నాను. పాప రెండు కిలోలు. ఆ పాప ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, అది వేరే సంగతి.

అందుకని అక్క కూతురితో అన్నాను, "బిడ్డా, నీ పద్నాలుగూ మంచివే. కాని వాటిలో నిన్ను కాపాడేది ఒక్కటీ లేదు" అని. పాపం, నొచ్చుకుంది. తర్వాత గంటసేపు ఇద్దరం మాట్లాడుకున్నాం. ఆ మాటలే ఇప్పుడు మీకూ చెప్తున్నాను.

ముందు ఒక చిన్న లెక్క. కడుపుతో ఉన్నవాళ్ళకు ఏడాది నిర్ణయాలు సరిపడవు. గర్భం లెక్క చివరి ముట్టు నుంచి 40 వారాలు, అంటే 280 రోజులు. జనవరిలో అయిదో నెల నడుస్తున్న పిల్లకు ఈ ఏడాదిలో నాలుగున్నర నెలలే కడుపుతో ఉండేది, మిగతా ఏడున్నర నెలలు చంకలో పసిబిడ్డ. రెండూ వేరు వేరు మనుషుల బతుకులన్నంత తేడా. పొద్దున అయిదింటికి లేవాలని ఇప్పుడు రాసుకోనక్కర్లేదు, జూన్‌లో బిడ్డే లేపుతుంది! కాబట్టి జనవరి నుంచి డిసెంబరు దాకా కాకుండా, ఒక్కొక్క నెలకు సరిపడేది రాసుకోవాలి. ఒక రోజు తప్పితే మర్నాడు మళ్ళీ పట్టుకునేలా ఉండాలి.

మాత్రల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కడుపులో బిడ్డ పెరుగుతున్నకొద్దీ తల్లి ఒంట్లో నెత్తురు దాదాపు సగం మేర పెరుగుతుంది. అందులో నీరు పెరిగినంత తొందరగా ఎర్రకణాలు పెరగవు, అందుకే రక్తం పలచబడుతుంది. మొత్తమ్మీద ఒక కాన్పుకు అదనంగా 1000 మిల్లీగ్రాముల దాకా ఇనుము కావాలి. అంత లోటు ఒక్క తిండితో పూడదు. అందుకే నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున కనీసం 180 రోజులు మాత్ర ఇస్తారు. దానిలో ఇనుము 60 మిల్లీగ్రాములు, ఫోలిక్ ఆమ్లం 500 మైక్రోగ్రాములు. రక్తం 11 ఉండాలి, 7 కన్నా తగ్గితే ప్రమాదమే. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ గర్భిణుల్లో నూటికి 53 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. 2022 డిసెంబరులో రక్తహీనత ఎక్కువున్న తొమ్మిది జిల్లాలను ఎంచి ఖర్జూరాలు, నెయ్యి, ఇనుము సిరప్పు ఉన్న కిట్లు పంచడం మొదలుపెట్టారు. ఆ తొమ్మిదిలో మన వికారాబాద్ జిల్లా ఒకటి. గొప్పగా చెప్పుకునే విషయం కాదు గాని, తెలుసుకోవలసిన విషయం.

మాత్ర వేసుకుంటే దొడ్డికి నల్లగా అవుతుంది. అది ఇనుము రంగు, బిడ్డ రంగుకు దానికి సంబంధం లేదు. ఆ మాట మాత్రం 2004లో నాకెవరూ చెప్పలేదు. పరగడుపున తిప్పితే రాత్రి అన్నం తిన్నాక వేసుకోవచ్చు. చాయ్‌తో మాత్రం వేసుకోకూడదు, చాయ్ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ, ఉసిరి, జామపండు పట్టిస్తాయి. కాల్షియం మాత్రకు, దీనికి మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. మలబద్ధకం వస్తే మానెయ్యకుండా డాక్టరమ్మకు చెప్పండి, మాత్ర మారుస్తారు.

ఈ మాత్ర వెనక ఒక కథ ఉంది, చెప్పకుండా ఉండలేను. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులు పాలిపోయి చనిపోతుంటే కారణం వెతికింది. మందులకు లొంగని ఆ రక్తహీనత, ఈస్టు నుంచి చేసిన చవక పదార్థం తినిపిస్తే కుదిరింది. 1931లో ఆమె ఆ సంగతి లోకానికి చెప్పింది. దానిలో ఉన్న పదార్థమే తర్వాత ఫోలిక్ ఆమ్లమని తేలింది. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దానిని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి పెద్ద ఎవరనుకున్నారు? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు! ఆయన మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదట. మెట్రిక్‌తోనే ఆగిపోయిన నాలాంటిదానికి ఆ మాట వింటే కాస్త ధైర్యంగా ఉంటుంది. ఇంకో సంగతి, బిడ్డ వెన్నుపాము గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల లోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. అందుకని ఫోలిక్ ఆమ్లం మాత్రలు బిడ్డ కావాలనుకున్నప్పటి నుంచే డాక్టరు సలహాతో మొదలుపెట్టడం మంచిది. కొత్తగా పెళ్ళయిన అమ్మాయిలు ఇది గుర్తుపెట్టుకోండి.

తిండి సంగతికొస్తే, ఇద్దరి తిండి తినమంటారు పెద్దలు. అంత అవసరం లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం నాలుగో నెల నుంచి రోజుకు అదనంగా 350 కేలరీలు చాలు. ఒక రొట్టె, కప్పు పప్పు, కొంచెం పెరుగు ఎక్కువ తింటే వస్తాయి. జనవరి అంటే మనకు కొత్త కందులు ఇంటికొచ్చే కాలం. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది మన ముంగిట్లోదే. ఆ పప్పులో మాంసకృత్తులూ ఉన్నాయి, ఫోలేటూ ఉంది. పాలకూర వేసి వండి, దించాక నిమ్మకాయ పిండుకోండి.

అయితే ఏం తినాలన్నదానికన్నా ఎప్పుడు తినాలన్నది మన ఇళ్ళల్లో పెద్ద సమస్య. అందరికీ వడ్డించి, కోడలు చివర్న తింటుంది. అప్పటికి గిన్నెలో పప్పు అడుగంటి ఉంటుంది, గుడ్డు అయిపోయి ఉంటుంది. 2015 జనవరి 1న, సరిగ్గా కొత్త సంవత్సరం నాడే, తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పథకం మొదలైంది. గర్భిణికి ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. అంగన్‌వాడీలోనే కూర్చుని తినమన్నారు. ఎందుకంటారా? ఇంటికి తెచ్చుకుంటే ఆ గుడ్డు మరిది కంచంలోకో ఆడబిడ్డ పిల్లల చేతిలోకో పోతుంది కనుక. తొలుసూరు పిల్లలు అంగన్‌వాడీకి పోయి తినడానికి సిగ్గుపడతారు. మా అక్క కూతురూ సిగ్గుపడింది. "సిగ్గు జామచెట్టు మొదట్లో పారేయి" అన్నాను.

ఇక్కడే నాకు తోచిన అసలు మాట చెప్తాను. తొలి కాన్పుకు రాసుకునే నిర్ణయాల్లో సగం ఆ పిల్లవి కావు. అందరితో పాటు కూర్చుని తినడం కోడలి నిర్ణయంతో జరగదు, అత్తమ్మ పీట వేస్తేనే జరుగుతుంది. బీడీ పొగ ఇంట్లో లేకుండా చెయ్యడం ఆయన చేతిలో ఉంది. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు డాక్టరు పరీక్ష పెట్టారు. బండి మీద తీసుకుపోవాల్సింది ఎవరు? ఈ ప్రాంతంలో తాండూరు బండలు పరిచిన వాకిళ్ళు, నీళ్ళు పడితే జారతాయి. ఆ నీళ్ళు తుడిచే పని కూడా నిండు చూలాలిదేనా? అందుకని ఆ పిల్లతో జాబితాను రెండుగా చీల్చమన్నాను. ఒక పక్క తనవి, ఇంకో పక్క ఇంట్లోవాళ్ళవి.

కాన్పు ఎక్కడన్నది రెండు ఇళ్ళవాళ్ళూ కూర్చుని ముందే తేల్చుకోవాలి. మోమిన్‌పేట నుంచి ఇటు వికారాబాద్, అటు సదాశివపేట, సంగారెడ్డి. నొప్పులొచ్చాక ఎటు పోదామని తగవు పెట్టుకుంటే గంటలు గడిచిపోతాయి. తల్లుల ప్రాణాలు పోవడానికి మూడు ఆలస్యాలని వైద్యులు చెప్తారు. పోవాలని నిర్ణయించుకోవడంలో, చేరడంలో, చేరాక వైద్యం అందడంలో. మొదటిది పూర్తిగా ఇంట్లోదే. రక్తం గ్రూపు కార్డు మీద రాయించుకోండి, ఇచ్చేవాళ్ళ పేర్లు తెలిసి ఉండాలి. నెత్తురు కనబడినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా, తలనొప్పితో కళ్ళు మసకబారినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోను చెయ్యండి.

ముహూర్తం గురించి కూడా చెప్పాలి. జనవరి ఒకటినో, మంచి నక్షత్రంలోనో బిడ్డ పుట్టాలని పంతులుగారిని అడిగి ఆపరేషన్ పెట్టించుకునే వాళ్ళున్నారు. అదే సర్వేలో తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే. అవసరమైనప్పుడు ఆపరేషన్ తల్లినీ బిడ్డనూ బతికిస్తుంది, భయపడొద్దు. కాని నక్షత్రం కోసం 39 వారాలు నిండకుండా తీస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బందులు రావచ్చు, తర్వాతి కాన్పులకూ చిక్కే. జన్మ నక్షత్రాన్ని బిడ్డకే వదిలెయ్యండి.

పుట్టాక మొదటి గంటలో ముర్రుపాలు, ఆరు నెలలు తల్లిపాలు తప్ప తేనె గాని నీళ్ళు గాని వద్దు. ఇవి చాలామందికి తెలుసు. తెలియనిది ఒకటుంది. బాలింత కూడా మరో 180 రోజులు ఆ ఇనుము మాత్ర వేసుకోవాలి. పథ్యం పేరుతో ఆకుకూర, పండ్లు, చివరికి మంచినీళ్ళు కూడా తగ్గిస్తారు మన వైపు. పోయిన నెత్తురు ఎక్కణ్ణుంచి రావాలి? ఈ సంగతి మీ అమ్మతో ఇప్పుడే మాట్లాడుకోండి, పురిటి మంచం మీద వాదించే ఓపిక ఉండదు.

మళ్ళీ వారానికి అక్క కూతురు ఫోను చేసింది. పద్నాలుగులో తనకు మూడే మిగిలాయట: మాత్ర, 9వ తేదీ పరీక్ష, మధ్యాహ్నం అంగన్‌వాడీ. చాయ్ మానలేదు. రోజుకు రెండు కప్పులైతే పరవాలేదని నేనే చెప్పాను, సాయంత్రం నాలుగింటికి తాగి మాత్ర రాత్రి వేసుకుంటోంది. రెండో పక్క జాబితా అందరి ముందూ చదివిందట. మరిది నవ్వాడట, ఆయన బీడీ కట్ట పట్టుకుని వాకిట్లోకి పోయాడట. అత్తమ్మ మాత్రం "ఆస్పత్రికి తోలుకపోయేకాడ వాని పేరే రాసినవ్, నా పేరెందుకు రాయలే?" అని అలిగిందట.

"ఏడో నెల్ల ఒడి నింపుతరు కదా చిన్నమ్మా, కార్డు ఆ బియ్యం సంచిలనే పెట్టుకొస్త" అంది.