పరాయి ఊళ్ళో పండుగ నెల

బతుకమ్మను నీళ్ళలో విడిచి, జమ్మి ఆకు పంచుకుని, ఇక దీపావళికి ఇల్లు దులుపుకునే పనిలో పడి ఉంటారు. బూజుకర్ర కాసేపు గోడకు ఆనించి, నా నాలుగు మాటలు వినండి.

మనలో ఉద్యోగస్తుల ఇల్లాళ్ళకు ఒక అనుభవం తప్పదు. ఆయనగారి చేతికి బదిలీ ఆర్డరు వస్తుంది. డబ్బాలూ, పరుపులూ, తులసికుండీ లారీ ఎక్కుతాయి. కొత్త ఊళ్ళో ఆయనకు ఆఫీసు ఉంటుంది, పిల్లలకు బడి ఉంటుంది. మనకు మాత్రం నాలుగు గోడలూ, తెలియని భాషా మిగులుతాయి. అందులోనూ పండుగ నెల వచ్చిందంటే ఒంటరితనం మరీ పొడుస్తుంది. ఊరంతా దేనికో సంబరపడుతూ ఉంటుంది, మనం కిటికీలోంచి చూస్తూ ఉంటాం.

ఇది మన దేశపు ఆడవాళ్ళ బాధ మాత్రమే అనుకోకండి. ఫ్రాన్సు దేశపు పల్లెల్లో చాలామంది ఇంగ్లీషువాళ్ళు ఇళ్ళు కొనుక్కుని స్థిరపడ్డారు. అక్కడ ఎండాకాలం సెలవులు ముగిసి సెప్టెంబరు రాగానే ఎన్నో ఊళ్ళలో ఒక రోజు సంఘాలన్నీ ఒకచోట బల్లలు వేసుకుని కూర్చుంటాయి. పాటల సంఘం ఒక బల్ల, నడక సంఘం ఒక బల్ల, కుట్లు అల్లికల సంఘం మరో బల్ల. కొత్తగా వచ్చినవాళ్ళు వెళ్ళి పేరు రాయించుకోవచ్చు. అలా చేరినవాళ్ళకు ఊరు దగ్గరవుతుంది. తమ భాషవాళ్ళతోనే తేనీరు తాగుతూ కూర్చున్నవాళ్ళకు ఎన్నేళ్ళున్నా పరాయి ఊరే.

అక్కడ తెలియక చేసే తప్పు ఒకటుంది. చలికాలం ముందు అంగళ్ళనిండా కుండీల్లో చామంతులు విరగబూసి ఉంటాయి. ఎవరైనా భోజనానికి పిలిచారు కదా అని, పాపం, కొత్తగా వచ్చినావిడ ఒక చామంతి కుండీ పట్టుకెళ్ళిందనుకోండి, పిలిచినవాళ్ళ ముఖం చిన్నబోతుంది! ఎందుకంటే ఆ దేశంలో నవంబరు 1న సర్వపునీతుల పండుగకు చామంతులు సమాధులమీద పెడతారు. మనం బతుకమ్మలో పేర్చే పువ్వు, వాళ్ళకు శ్మశానపు పువ్వు. పువ్వు ఒకటే, ఊరు మారితే అర్థం మారిపోతుంది.

ఇంతకూ నా చామంతి కుండీ కథ చెప్పాలిగా. మావారికి ఒకసారి జైనూరుకు బదిలీ అయింది. ఇప్పుడది కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. 2016లో జిల్లాలు విడదీసేదాకా ఆదిలాబాదు జిల్లాయే. కొండలూ, టేకు అడవీ, పత్తిచేలూ, మధ్యలో ఆ ఊరు. చుట్టుపక్కల గూడేలలో గోండులు, కోలాములు, పరధానులు ఉంటారు. అంగడికి వెళితే గోండీ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ, తెలుగు అన్నీ ఒకేసారి చెవిన పడతాయి. వచ్చిన ఏడాది బతుకమ్మను నేనూ, ఇద్దరు టీచర్లూ, ఒక నర్సమ్మా ఆడుకున్నాం. తంగేడూ గునుగూ మాత్రం కావలసినంత దొరికాయి. ఆ తొమ్మిది రోజులూ అయ్యాక, ఇక ఈ ఊళ్ళో పండుగలు అయిపోయాయనుకున్నాను. అసలు పండుగ అప్పుడే మొదలవుతుందని నాకేం తెలుసు!

ఆశ్వయుజ పున్నమినాడు కెరమెరి వైపున్న జోడేఘాట్‌లో కొమురం భీం వర్ధంతి జరుగుతుంది. అడవీ, నేలా, నీరూ మావే అంటూ నిజాం సర్కారుతో పోరాడిన భీం 1940లో అక్కడే నేలకొరిగాడు. తేదీ లెక్కన కాకుండా తిథి లెక్కన, మన ఇళ్ళలో పెద్దలకు చేసినట్టే, ఏటా పున్నమినాడు ఆయన్ని తలుచుకుంటారు. అది దాటాక దండారి. దీపావళి ప్రాంతం దాకా గోండు గూడేలన్నీ డప్పులతో, పెప్రె ఊదే సన్నాయి చప్పుడుతో మారుమోగిపోతాయి.

దండారి అంటే ఒక్క నాట్యం కాదండీ, ఒక ఊరు ఇంకో ఊరికి చుట్టంగా వెళ్ళడం. ఒక గూడెం మగవాళ్ళు జట్టుగా బయలుదేరి మరో గూడేనికి వెళతారు. ముందు గుస్సాడీలు ఉంటారు. తలమీద నెమలి ఈకలతో కట్టిన పెద్ద కిరీటం, ఒంటినిండా బూడిద, భుజాన మేకతోలు, చేతిలో కర్ర. ఆడవేషం కట్టిన కుర్రాళ్ళను పోరిక్‌లంటారు. ఎదురు ఊరివాళ్ళు రాం రాం అంటూ స్వాగతం చెప్పి, ఆ రాత్రి అన్నం పెట్టి, ఉన్నచోటే పడకలు వేస్తారు. తెల్లవార్లూ ఆటా పాటా. పెద్దవాళ్ళు పిల్లల సంబంధాల మాట కూడా కదుపుతారు. ఆఖర్న కోలబోడి చేసి, కిరీటాలు విప్పి, పండుగ ముగిస్తారు.

మా ఇంటి పక్కన ఒక గోండు అవ్వ ఉండేది. దండారి వస్తుంటే నన్నూ తన గూడేనికి తీసుకెళ్ళింది. దుమ్మూ బూడిదా పూసుకుని, నాలుగు మైళ్ళు నడిచి వచ్చిన ఆ గుస్సాడీలను చూసి నా ప్రాణం ఉసూరుమంది. చుట్టం గడపలోకి రాగానే వేడినీళ్ళు తోడటం మన అలవాటు కదా! ఇంట్లోకి వెళ్ళి పెద్ద గుండిగెతో నీళ్ళు కాచి, "స్నానం చెయ్యండి బాబూ" అని వాళ్ళ ముందు పెట్టాను. అందరూ ఒక్కసారి నిశ్శబ్దమైపోయారు. అవ్వ నవ్వాపుకుంటూ చెవిలో చెప్పింది: "దీక్షల ఉన్నరు బిడ్డా. కోలబోడి దాంక తానం చెయ్యరు. వాళ్ళ మీద దేవుడున్నడు." దండారి రోజుల్లో గుస్సాడీని ఏత్మాసూర్ దేవుడు పూనినవాడిగా చూస్తారని నాకు అప్పుడు తెలిసింది. నా ముఖం ఎర్రబడింది. అవ్వ మాత్రం, "నీళ్ళు ఊకె పోవు" అని ఆ నీళ్ళతో వచ్చిన చుట్టాల కాళ్ళు కడిగించింది. నా తప్పును మర్యాదగా మార్చేసింది చూశారా! ఆ రాత్రే ఒక మాట కూడా నేర్పింది. గోండీలో నీళ్ళను "ఏర్" అంటారు. మన ఏరే! నాలుగును "నాలుంగ్" అంటారు. గోండీ మన తెలుగుకు చుట్టమే, ద్రావిడ భాషే. పక్కింట్లో చుట్టం ఉండగా నేను ఏడాదిపాటు ఒంటరిదాన్నని ఏడ్చానన్నమాట!

జైనూరు మండలంలోనే మార్లవాయి అని ఒక ఊరుంది. అవ్వ ఒకనాడు నన్ను అక్కడికి తీసుకెళ్ళి ఒక సమాధి చూపించింది. అది బెట్టీ ఎలిజబెత్ అనే ఇంగ్లీషు ఆవిడది. ఆవిడ భర్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్, వియన్నా నగరంలో 1909లో పుట్టిన మానవశాస్త్ర పండితుడు. 1938లో వీళ్ళ పెళ్ళయింది. 1939లో ఇండియాలో ఉండగా ప్రపంచయుద్ధం వచ్చిపడింది. ఆస్ట్రియాను అంతకుముందే జర్మనీ కలిపేసుకోవడంతో ఆయన దగ్గరున్నది జర్మనీ పాస్‌పోర్టు. శత్రుదేశపు మనిషి కాబట్టి, నిజాం రాజ్యం దాటి వెళ్ళవద్దని ఆంక్ష పెట్టారు. భీం తిరుగుబాటు తరువాత గోండుల కష్టమేమిటో తెలుసుకునే పని నిజాం ప్రభుత్వం ఆయనకు అప్పగించింది. అలా దంపతులిద్దరూ మార్లవాయి చేరి, ఆ ఊరి మనుషుల మధ్య గుడిసెలో కాపురం పెట్టారు.

నేను ఆవిడ గురించే ఎక్కువ ఆలోచిస్తాను. ఊరు కాదు, దేశం కాదు. క్లబ్బు లేదు, మాట్లాడే తోటి ఇంగ్లీషు ఆడమనిషి లేదు. భర్తతో గూడేలన్నీ తిరిగింది, ఆయన పనిలో సగం భుజాన వేసుకుంది. తరువాత దక్షిణాసియా మానవశాస్త్ర గ్రంథాల పెద్ద సూచిని తానే తయారుచేసింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. పిల్లలకు మొదట గోండీలోనే, నాగరి లిపిలో, చదువు చెప్పించారు. పరాయి భాషలో అక్షరాలు దిద్దే పసివాడి కష్టం, ఇల్లు మారిన మనబోటి వాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది. బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాదులో కన్నుమూస్తే, మార్లవాయికి తెచ్చి ఖననం చేశారు. 1995లో లండనులో పోయిన హైమన్‌డార్ఫ్ అస్థికలను 2012లో తెచ్చి ఆవిడ పక్కనే ఉంచారు. ఇప్పటికీ ఏటా జనవరి 11న ఊరివాళ్ళు వర్ధంతి చేస్తారు. అన్నట్టు, గుస్సాడీ గురువు కనకరాజుదీ మార్లవాయే. ఆయనకు 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో, ఆ దండారి రోజుల్లోనే, కాలం చేశారు.

వచ్చి వెళ్ళినవాళ్ళు ఎందరో ఉండగా ఈ దంపతులనే ఎందుకు తలుచుకుంటారు? దీనికి జవాబు నాకు పుస్తకంలో దొరకలేదు, మా ఇంట్లోనే దొరికింది.

మేం అక్కడున్న మూడో ఏట తెలిసినాయన ఒకరు మావారికి ఒక సలహా ఇచ్చారు. రోడ్డు పక్క మంచి జాగా ఉందనీ, ఇక్కడివాళ్ళ పేరున కాగితం రాయించుకుంటే చాలనీ, అందరూ చేసేదేననీ. మన్యంలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు చెల్లదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో గట్టిపరిచారు, దాన్నే జనం "వన్ ఆఫ్ సెవెంటీ" అంటారు. అది తెలిసీ, నిజం చెబుతున్నాను, నాకూ ఆశ పుట్టింది. చీటీ పాడిన డబ్బు చేతిలో ఉంది. పెరట్లో చిక్కుడు పందిరి కూడా మనసులో వేసేసుకున్నాను. మాటవరసకు అవ్వను అడిగాను, ఆ జాగా ఎవరిదని.

"మా అత్తోళ్ళది. అప్పు కింద పోయింది. ఇప్పుడు నా కొడుకు అండ్లనే కూలికి పత్తి ఏరుతడు" అంది. కోపంగా కాదు, వాన పడింది అన్నంత మామూలుగా.

ఆ రాత్రి నేను వద్దన్నాను. మావారు రెండు రోజులు ముభావంగా ఉన్నారు, తరువాత ఆయనే ఆ మాట ఎత్తడం మానేశారు. హైమన్‌డార్ఫ్ 1940 ప్రాంతంలో చూసిందీ ఇదే. అడవి కొట్టి పొలం చేసినవాడికి కాగితం లేదు, కాగితం రాయించుకోవడం తెలిసిన బయటివాడికి పొలం దక్కింది. ఆయన గోండులకు పట్టాలు ఇప్పించాలని సర్కారుకు చెప్పి చెప్పి సాధించాడు. తాను మాత్రం ఆ ఊళ్ళో ఆరడుగుల నేల తప్ప తీసుకోలేదు, అదీ ఊరివాళ్ళు ఇస్తే.

కనుక, బదిలీ మీద పరాయి ఊరు వెళ్ళబోయే చెల్లెళ్ళకు నేను చెప్పేది ఇది. సామాను సర్దుకోకముందే పక్కింటి తలుపు తట్టండి. ఆ భాషలో పది మాటలు నేర్చుకోండి, మొదటిది నీళ్ళ మాట. పండుగొస్తే కిటికీలోంచి చూడకండి, అలాగని తెలియకుండా చేయీ పెట్టకండి. "నేనేం చెయ్యాలి?" అని అడగండి. అడిగితే చిన్నతనమేమీ కాదు. తప్పు చేస్తే నవ్వేయండి, వాళ్ళూ నవ్వుతారు. ఇక చుట్టంగా వెళ్ళినచోట చుట్టంగానే ఉండండి.

దండారి వచ్చిన మర్నాడు పొద్దున గుస్సాడీలు కిరీటాలెత్తుకుని ఊరి పొలిమేర దాటుతుంటే, ఇంటివాళ్ళు అక్కడిదాకా వెళ్ళి సాగనంపుతారు. మేం జైనూరు విడిచి వచ్చిన రోజున లారీ వెనకాల అవ్వ కూడా అలాగే పొలిమేరదాకా నడిచి వచ్చింది. "మళ్ళ దండారికి రా బిడ్డా" అంది. నాకు అంతకంటే పెద్ద ఆస్తి ఆ ఊళ్ళో ఏముంటుంది చెప్పండి?